మానోహ అడిగిన ప్రశ్న

పుట్టబోవు బిడ్డకొరకు తండ్రి చేయవలసిన పని యేమి? బైబిలు గ్రంథమంతటిలో ఈ ప్రశ్నను సూటిగా అడిగినవాడు మాకు ఒక్కడే కనబడుచున్నాడు. అతడు రాజు కాడు, ప్రవక్త కాడు. దాను వంశమువాడు, జొర్యా ఊరివాడు, చాలకాలము బిడ్డలు లేనివాడు. పేరు మానోహ. అతని కుమారుడైన సమ్సోను కథ మన ఆదివారపు బడి పిల్లలందరికిని వచ్చును. నక్కల తోకలు, గాడిద దవడ ఎముక, కూలిన స్తంభములు అన్నియు ఏకరువు పెట్టుదురు. తండ్రి మాట వచ్చుసరికి పెద్దలుకూడ తడుముకొందురు. చదువరులు ఈ పుటను కాసేపు ప్రక్కన పెట్టి, న్యాయాధిపతుల గ్రంథము 13వ అధ్యాయము ఒకసారి చదివి రావలెనని కోరుచున్నాము. 25 వచనములే.

ఈ ప్రశ్న మాకు ఊరకే తట్టలేదు. మా సంఘములో క్రిందటి యేడు పెండ్లియైన యువకుడొకడు, తాపీపని చేయువాడు, తన భార్యకు ఆరవ నెల వచ్చినదని చెప్పి ప్రార్థన చేయించుకొనుటకు వచ్చెను. ప్రార్థన ముగిసినను లేవక కూర్చుండి, "మరి నాకేటి పని అయ్యగారూ? అన్నీ ఆడోళ్లే సూసుకుంతన్నారు. నానేటి సెయ్యాలో ఎవులూ సెప్పరు" అనెను.

అతడన్నది నిజమే. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో తొలిచూలు వచ్చిన యింట ప్రతివారికిని ఒక పని యున్నది. కన్నవారింటివారు చలిమిడి తెత్తురు, సూడిదలు తెత్తురు. అత్తగారు ఏది తినవలెనో ఏది తినరాదో చెప్పును. ముసలమ్మలు నడక చూచి ఆడో మగో తేల్చివేయుదురు. ఆశా కార్యకర్త వచ్చి పేరు వ్రాసికొనిపోవును. ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో చూలాలిని కన్నవారు వచ్చి తీసికొనిపోదురు. పురుడు అక్కడనే. మూడవ నెలలోనో అయిదవ నెలలోనో బిడ్డనెత్తుకొని ఆమె తిరిగి వచ్చును. ఈ యేర్పాటంతటిలో బిడ్డ తండ్రికి మిగిలినదేమి? బస్సు ఎక్కించుట, డబ్బు పంపుట, కబురుకొరకు కనిపెట్టుట. పూర్వాచారము అతనికి ఇంకను కొన్ని చెప్పినది గాని అవన్నియు వద్దను మాటలే. సముద్రస్నానము చేయరాదు, శవమును మోయరాదు, ఇల్లు కట్టరాదు, కొబ్బరికాయ కొట్టరాదు. చేయకూడనివాటి పట్టీ ఇంత పొడుగున్నది. చేయవలసినదాని ఊసే లేదు.

తెలుగు నేలమీదనే ఒక జనము ఈ ప్రశ్నకు విచిత్రమైన జవాబు చెప్పుకొన్నది. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెములో చర్చి మిషనరీ సొసైటీ పక్షమున పనిచేసిన జాన్ కెయిన్ దొరగారు 1870ల దశకములో ఎరుకలవారి ఆచారమొకటి వ్రాసి ప్రకటించిరి. దక్షిణ హిందూదేశపు కులములను గూర్చి ఎడ్గార్ థర్‌స్టన్ గారు 1909లో అచ్చువేయించిన పెద్ద గ్రంథములోను ఆ సంగతి చేరినది. భార్యకు నొప్పులు మొదలైనవని తెలియగానే భర్త ఆమె బట్టలు కొన్ని తీసి కట్టుకొని, నొసట ఆడువారి బొట్టు పెట్టుకొని, మసక దీపమున్న చీకటి గదిలో దుప్పటి కప్పుకొని పండుకొనునట. బిడ్డ పుట్టగానే కడిగి అతని ప్రక్కలో పరుండబెట్టుదురట. ఇంగువ, బెల్లము మొదలైన పురిటి మందులు తల్లికి గాక అతనికి పెట్టుదురట. ఇటువంటి ఆచారము దూరదేశములలోను ఉండుట చూచి పండితులు దానికి కూవాడ్ అని ఫ్రెంచి మాటతో పేరుపెట్టిరి.

చదివి నవ్వుట సులభము. మాకు మాత్రము నవ్వు రాలేదు. ఈ బిడ్డ రాకలో నా దేహమునకును పాలున్నదని ఆ మనుష్యుడు ఊరందరియెదుట ఒప్పుకొనుచున్నాడు. కబురుకొరకు టీ కొట్టుదగ్గర కనిపెట్టుకొనియుండు మన అల్లునికంటె అతడు ఒక అడుగు ముందే యున్నాడు. అయితే ఒక్క విషయములో ఆ ఆచారము దారి తప్పినది. మందు తినవలసిన నోరు ఒకటి, తిన్న నోరు ఒకటి. ఈ తప్పు ఎరుకలవారిదేనా? చీర కట్టుకొనకుండగనే, బొట్టు పెట్టుకొనకుండగనే, తల్లికి చేరవలసినది మగవాడు తినివేయు ఇండ్లు మన వీధులలో ఎన్ని లేవు?

ఇప్పుడు మానోహయొద్దకు పోదము. దూత మొదట కనబడినది అతనికి కాదు, అతని భార్యకు. ఊరివారు ఆమెను గొడ్రాలని పిలిచియుందురు. ఆమె సొంత పేరైతే గ్రంథములో ఎక్కడను లేదు. నీవు గర్భవతివై కుమారుని కందువు, ద్రాక్షారసమునైనను మద్యమునైనను ముట్టవద్దు, అపవిత్రమైనదేదియు తినవద్దు అని దూత ఆమెకు చెప్పెను. ఆమె వచ్చి భర్తకు చెప్పెను. మానోహను మేము మెచ్చుకొనునది ఇక్కడ. ఆడుదానికి పొలములో ఏదో భ్రమ కలిగినదని అతడు త్రోసివేయలేదు. ఆ దైవజనుని మరల పంపి, పుట్టబోవు బిడ్డకు మేమేమి చేయవలెనో నేర్పుమని ప్రార్థించెను. దేవుడు ఆ ప్రార్థన విని దూతను మరల పంపెను. ఎవరియొద్దకు? మరల ఆమెయొద్దకే! ఆమె పొలములో కూర్చుండియున్నది, భర్త దగ్గర లేడు. ఆమె పరుగెత్తుకొని వచ్చి పిలువగా మానోహ లేచి తన భార్య వెంబడి వెళ్లెనని వ్రాయబడియున్నది.

భార్య వెంబడి. మన సంతదారులను తలంచుకొనుడి. మగవాడు చేతులూపుకొనుచు ముందు నడచును. నాలుగు బారల వెనుక ఆడుది నెత్తిమీద గంపతో వచ్చును. మానోహ లోకమును అటువంటిదే. అయినను ఆ దినమున అతడు వెనుక నడచెను. దారి ఆమెకు తెలియును, అతనికి తెలియదు.

అక్కడికి చేరి అతడు, ఆ బిడ్డ యెట్టివాడగును, వాడు చేయవలసిన పని యేమి అని అడిగెను. దూత ఇచ్చిన జవాబును చూడుడి. నేను ఈ స్త్రీతో చెప్పినవాటినన్నిటిని ఆమె గైకొనవలెను, ద్రాక్షావల్లినుండి వచ్చినదేదియు ఆమె తినరాదు అని అదే మాట మరల చెప్పెను. క్రొత్తది ఒక్కటియు లేదు. మానోహకు వేరుగా ఒక ఆజ్ఞ లేదు, ఒక మొక్కుబడి లేదు. అతడు బిడ్డను గూర్చి అడిగెను, దూత తల్లి కంచమును గూర్చి చెప్పెను.

నీకిక్కడ పనిలేదు పొమ్మని దూత అతనిని త్రోసివేసినట్లుగా కొందరు దీనిని చదువుదురు. మాకు అట్లు తోచలేదు. ఒక యింట ఒక్కరే పథ్యముండుట ఎంత కష్టమో రోగిని పెట్టుకొన్నవారికందరికిని తెలియును. భర్త సాయంకాలము ద్రాక్షారసపు తిత్తి తెచ్చి భోజనపు బల్లమీద పెట్టిన యెడల ఆ స్త్రీ తన నియమమును ఎన్నాళ్లు కాపాడుకొనగలదు? వండునది ఆమె చేయి కావచ్చును గాని ఇంటికి ఏమి రావలెనో, ఎవరు ముందు తినవలెనో నిర్ణయించునది ఆమె కాదు. కాబట్టి ఆమెకు చెప్పిన మాట అతని చెవిని కూడ పడవలెను. ఆమె నియమము అతని నియమము కావలెను. బిడ్డకు ఏమి చేయవలెనని అడిగిన తండ్రికి దొరికిన పని ఇదియే. ఇది చిన్న పని అనువారు ఒక నెల చేసి చూడవలెను.

ఇది చదువుకొని మన వంటిండ్లలోనికి పోయిన యెడల ఏమి కనబడును? మగవారు తిందురు, పిల్లలు తిందురు, అత్తమామలు తిందురు. కడుపుతోనున్న కోడలు కడపట అడుగున మిగిలిన పులుసును గంజియు కలిపి త్రాగి లేచును. పైగా ఎక్కువ తినిన బిడ్డ లావై కాన్పు కష్టమగునని భయపెట్టువారు ఒకరు, ఇనుప మాత్రలు మ్రింగిన బిడ్డ నల్లగా పుట్టునని చెప్పువారు ఒకరు. ఈ రెండు మాటలలోను సత్యము లేదు. గర్భిణి రక్తములో హెమోగ్లోబిను 11 గ్రాములకు తగ్గిన యెడల రక్తహీనత యనియు, 7కు తగ్గిన యెడల మిక్కిలి ప్రమాదమనియు వైద్యులు లెక్కకట్టుదురు. నిండు రక్తముగల స్త్రీ కాన్పులో అరలీటరు రక్తము పోయినను తట్టుకొని లేచును. ఒంట రక్తము లేనిది అంతకంటె తక్కువ పోయినను లేవదు. మన ఊళ్లలో "పురుట్లో పోయింది" అని రెండు ముక్కలలో చెప్పి ఊరుకొను మరణములలో కొన్ని కాన్పుగదిలో మొదలైనవి కావు. ఆరు నెలలకు ముందే వంటింటిలో మొదలైనవి.

ప్రభుత్వము ఇనుము, ఫోలిక్ ఆసిడ్ మాత్రలు 180 దినములకు ఇచ్చుచున్నది, కాన్పు తరువాత మరల 180 దినములకు. అవి గోడ గూటిలో, బీరువా మీద, బియ్యపు డబ్బా వెనుక పడియుండుటను మేము ఇల్లిల్లు తిరుగునప్పుడు ఎన్నోసార్లు చూచితిమి. మింగిన వికారమగును, అడుగువారు లేరు, మానివేసినది. తండ్రి కాబోవు తమ్ముడా, ఇదిగో నీకు పని. రాత్రి భోజనమైన తరువాత ఆ మాత్ర నీ చేతితో తీసి ఇమ్ము. టీతో మింగనియ్యకుము, టీ ఇనుమును ఒంట పట్టనియ్యదు. నిమ్మరసమైన మంచిది. ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒకే వేళకు తినుము. మీ అమ్మ ఒకటి రెండు దినములు మూతి ముడుచుకొనును, తరువాత అలవాటగును. చోడి అంబలి, ములగాకు, తోటకూర, పెసలు, సంతలో దొరకు చిన్న చేపలు, వీటికి గొప్ప ధనము అక్కరలేదు. అంగన్‌వాడీలో గర్భిణికని ఇచ్చిన గ్రుడ్లు ఇల్లు చేరిన తరువాత ఎవరి కంచములో పడుచున్నవో నీవే కనిపెట్టి చూడుము.

ద్రాక్షావల్లి మాట వచ్చినది గనుక ఇంకొక సంగతి. సారాకు పోవు డబ్బు తల్లి పాలకు పోవలసిన డబ్బని విడమరచి చెప్ప నవసరము లేదు. పొగ సంగతి చెప్పెదము. మన ప్రాంతపు ముసలమ్మలు నిప్పు నోటిలోపల పెట్టుకొని అడ్డపొగ త్రాగుదురు, మగవారు గడపలో కూర్చుండి చుట్ట కాల్చుదురు. చూలాలున్న గదిలో ఆ పొగ ఆమెకును కడుపులోని బిడ్డకును చేటు. అమ్మమ్మతో ఈ మాట కోడలు చెప్పలేదు. మనుమడు చెప్పవచ్చును, ముద్దుగానే చెప్పవచ్చును.

ఇదంతయు ఇంటనుండువానికి సరే, మేము ఊరిలో ఉండము గదా అని చెప్పువారు మన సంఘములలో సగముమంది యుందురు. మన జిల్లాల మగవారు చెన్నపట్టణములో గోడలు కట్టుచున్నారు, హైదరాబాదులో ఇనుము వంచుచున్నారు. తీరమువారు గుజరాతులోని వేరావల్ పోయి పడవలమీద నెలల తరబడి యుందురు. 2018 నవంబరులో అట్లు వేటకు పోయి పాకిస్తాను వారి చేతికి చిక్కిన మన తీరపు జాలరులు సుమారు 14 నెలలు చెరలో ఉండి, 20 మంది 2020 జనవరి 6న వాఘా దారిని స్వదేశములో అడుగుపెట్టిరి. పొట్టకొరకు పోయినవానికి ఇట్టిదియు సంభవించును. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో, క్రొత్తగా పెండ్లియైనవానిని ఒక సంవత్సరము యుద్ధమునకు పంపరాదు, అతడు ఇంటనుండి భార్యను సంతోషపెట్టవలెను అను ధర్మమున్నది. నేడు ప్రభుత్వోద్యోగియైన తండ్రికి 15 దినముల సెలవు కలదు. తాపీమేస్త్రీకి ఎవరిచ్చెదరు? పనికి పోని దినమున కూలి లేదు.

కాబట్టి దూరమున నుండి డబ్బు పంపువాడు తక్కువ తండ్రియని ఎవరైన అన్న యెడల మేము ఒప్పుకొనము. ఆ డబ్బు అన్నము. అయినను డబ్బు చేయలేని పని ఒకటున్నది. అది నిర్ణయము చేయలేదు. 1994లో సెరీన్ తాడియస్, డెబొరా మెయిన్ అను ఇద్దరు స్త్రీలు కాన్పు మరణములను పరిశోధించి, తల్లులను చంపునవి మూడు ఆలస్యములని వ్రాసిరి. ఆసుపత్రికి పోవలెనని నిశ్చయించుకొనుటలో ఆలస్యము, ఆసుపత్రికి చేరుటలో ఆలస్యము, చేరిన తరువాత చికిత్స దొరకుటలో ఆలస్యము. రెండవదానికి మన రాష్ట్రములో 2005 నుండి 108 బండి యున్నది. మూడవది వైద్యుల చేతిలోనిది. మొదటిది మన యింటిది.

రాత్రి రెండు గంటలకు ఉమ్మనీరు పోయినదనుకొందము. కన్నతండ్రి, "అల్లుడుగారితో ఒక మాట చెప్పి తీసుకెళ్తే బాగుంటుంది" అనును. ఫోను మ్రోగుచునే యుండును. పగలంతయు సిమెంటు మోసినవాడు షెడ్డులో నిద్రపోవుచున్నాడు. వియ్యంకులకు ఫోను చేయుదురు. ఆపరేషను చేయుదురేమో, తెల్లవారనిమ్ము అని అక్కడివారు అందురు. ఎవరును దుర్మార్గులు కారు. అందరును మర్యాద కాపాడుచున్నారు. ఆ మర్యాద విలువ మూడు గంటలు. కొన్ని కాన్పులలో మూడు గంటలు లేవు.

కాబట్టి దూరము పోవు తండ్రి బస్సెక్కకముందు చేయవలసినది ఇది. రెండు కుటుంబములవారిని కూర్చుండబెట్టి, అందరు వినునట్లు తన మాట ఇచ్చిపోవలెను. ఏ గంటయైనను, ఎంత ఖర్చైనను, నన్ను అడుగవద్దు, తీసికొనిపొండు అని. ఏయే గుర్తులు కనబడిన ఆగరాదో తానును నేర్చుకొని వారికిని చెప్పవలెను. రక్తము కనబడుట, విపరీతమైన తలనొప్పి, కన్నులు మసకబారుట, ముఖము వాచుట, మూర్ఛ, బిడ్డ కదలిక తగ్గుట, నొప్పులు రాకముందే నీరు పోవుట. వేరావల్‌లో ఉన్నవాడు కాన్పుగది వాకిట నిలువలేడు. అతడిచ్చిన మాట నిలువగలదు. ఈ విధమున ఇంటనున్నవానికంటె దూరమున్నవాడే దగ్గరగా ఉండవచ్చును. ఏలయనగా ఇంటనుండియు నిర్ణయము చేయక అమ్మ వంక చూచువారు కొందరున్నారు.

పార్వతీపురం మన్యపు కొండలమీది తండ్రులకు ఇది వేరు విధముగా నెదురగును. దారిలేని గూడెములలో వారు కఱ్ఱకు దుప్పటి కట్టి డోలీ చేసి, చూలాలిని భుజములమీద దించుదురు. బేత్లెహేము ప్రయాణము మనకు క్రిస్మసు పాట, వారికి జ్యేష్ఠమాసపు వానలో జారుడు బండ. నెలలు నిండకముందే క్రిందికి వచ్చి ఉండుటకై 2018లో సాలూరులో గిరిజన గర్భిణులకు వసతి గృహమొకటి ఏర్పడినది. అయితే అక్కడ ఉండుటకు ఆమె రావలెనన్న పెద్దపిల్లలను, మేకలను, పోడును ఆ వారములు ఎవరు చూచెదరు? తొలిచూలైనను ఇంటి పని ఆగదు. ఆమె పని తాను ఎత్తుకొను మగడున్న స్త్రీయే ముందుగా దిగి రాగలదు.

తండ్రి దేహమునకు పాలున్నదని చెప్పిన ఎరుకలవారి మాటలో ఒక సత్యము నేటి వైద్యశాస్త్రములోను ఉన్నది. తల్లి రక్తము నెగెటివు, తండ్రిది పాజిటివు అయిన యెడల తొలిబిడ్డకు సాధారణముగా బాధ లేదు గాని తరువాతి బిడ్డకు ప్రమాదము. దానిని తప్పించుటకు 28వ వారమునను, బిడ్డది పాజిటివైన యెడల కాన్పైన 72 గంటలలోపలను ఒక సూదిమందు వేయుదురు. తన రక్తపు గుంపు ఏదో తెలియని మగవారు మన సంఘములలో చాలమంది యున్నారు. ఒక చుక్క రక్తమిచ్చి తెలిసికొనుట అయిదు నిమిషముల పని.

పుట్టింటి పురుడును మానవలెనని మేము చెప్పుటలేదు. తల్లియొద్ద ఆమె కన్నుమూసి నిద్రపోవును, ఎవరును నీళ్లు తెమ్మనరు. ఇది మన పెద్దలు స్త్రీకి చేసిన మేలు. కాని మందుల ఖర్చు, ఆసుపత్రి ఖర్చు, బారసాల ఖర్చు అంతయు మామగారి నెత్తిన వేసి, అల్లుడు ఇరువది యొకటవ దినమున తెల్లచొక్కా వేసికొని చుట్టమువలె దిగి, కోడికూర తిని, బిడ్డ ఎవరి పోలికయని విచారించి పోవుట ధర్మమా? కూలిచేసికొను మామ అప్పు తెచ్చి ఆ కోడిని కొనెనని అతనికి తెలియునా? తొలికాన్పునకు కేంద్ర ప్రభుత్వము 2017 నుండి మాతృవందన పథకము క్రింద 5,000 రూపాయలు ఇచ్చుచున్నది. అది తల్లి తిండికని ఇచ్చినది, బారసాల భోజనములకు కాదు. బిడ్డ నీదైన యెడల ఖర్చు నీది. ఈ మాట మేము కొంచెము గట్టిగానే చెప్పుచున్నాము.

విజయనగరములో కాన్పుల ఆసుపత్రిని జనులు ఇప్పటికిని ఘోషాసుపత్రి యందురు. ఘోషా అనగా పరదా. మగవాని కన్ను పడనిచోట స్త్రీలకు వైద్యము జరుగవలెనను తలంపుతో ఆ కాలమున అట్టి ఆసుపత్రులు పుట్టినవి. లేనియెడల ఆడువారు గడప దాటెడివారు కారు. ఆ పరదా అనేక ప్రాణములు కాపాడినది. పరదా పోయినను మగవాడు మాత్రము గేటు బయటనే నిలిచిపోయినాడు. ప్రసవించు స్త్రీకి తోడుగా ఒకరు కాన్పుగదిలో ఉండవచ్చునని, మరుగు ఉన్నచోట భర్తయు ఉండవచ్చునని భారత ప్రభుత్వము 2016లో చెప్పినది. మన ఆసుపత్రులలో ఒక గదిలో నలుగురు ప్రసవించుచుండగా ఇది కుదరదు, కుదరవలెనని పట్టుబట్టుటయు న్యాయము కాదు. తన తల్లి తోడు కావలెనో భర్త తోడు కావలెనో చెప్పవలసినది ఆమె. అతడు అడిగి తెలిసికొన్న చాలును.

ఇక అందరు అడుగు ప్రశ్న, ఆడా మగా? 1994లో చేసిన చట్టము ప్రకారము పుట్టకముందు దీనిని తెలిసికొనుటయు తెలుపుటయు నేరము. చట్టమునకు వెలుపల ఒక మాట చెప్పెదము. దూత మానోహ భార్యతో, నీ కుమారుడు ఇశ్రాయేలీయులను ఫిలిష్తీయుల చేతిలోనుండి రక్షింప మొదలుపెట్టునని చెప్పెను. ఆమె ఆ సంగతి భర్తకు చెప్పినప్పుడు ఆ గొప్ప మాట ఆమె నోట రాలేదు, 5వ వచనమును 7వ వచనముతో పోల్చి చూడుడి. మానోహ తానే అడిగినప్పుడును దూత చెప్పలేదు. అనగా తన కొడుకు గొప్పవాడగునని ఆ తండ్రి విన్నట్లు ఎక్కడను లేదు. విననివాడై తొమ్మిది నెలలు కంచము కాచెను. మనము బిడ్డ కడుపులో ఉండగనే ఇంజనీరును చేయుదుము, విశాఖపట్టణములో ఇల్లు కట్టింతుము, మన తండ్రి పేరు పెట్టి ఉంచుదుము. ఆడపిల్ల పుట్టెనని తెలియగానే ముఖము మాడ్చుకొనువాడు బిడ్డకొరకు సిద్ధపడినవాడు కాడు. తన ఊహకొరకు సిద్ధపడినవాడు.

జెకర్యా సంగతి చూడుడి. అతనికి తొమ్మిది నెలలు మాట పడిపోయినది. మగవారికందరికి అట్లు జరిగిన మంచిదని మా సంఘపు ఆడువారు నవ్వుచు చెప్పుదురు. బంధువులు తండ్రి పేరే పెట్టబోగా ఎలీసబెతు కాదనెను. ఆమె మాట చాలక వారు జెకర్యాకు సైగ చేసి అడిగిరి. అతడు పలక తెప్పించుకొని ఆమె చెప్పిన పేరే వ్రాసెను. నోరు అప్పుడు తెరవబడెను.

భయమును గూర్చియు అడుగవలసియున్నది. మగవారు బయటికి చెప్పరు గాని చాలమంది లోలోపల వణకుదురు. రాహేలు దారిలో ప్రసవించి మరణించినది మన గ్రంథములోనే యున్నది. ఏమియు కాదని మేము ఎవరికిని మాట ఇయ్యలేము. మానోహయు భయపడెను. దూత బలిపీఠపు జ్వాలలో పైకి పోగా, మనము నిశ్చయముగా చనిపోదుమని చెప్పెను. భార్య అతనికి లెక్క చెప్పినది. మనలను చంపగోరినవాడు మన బలిని అంగీకరించునా, ఈ సంగతులు మనకు చూపించునా అని. ధైర్యము ఆమెయొద్దనుండి అతనికి వచ్చినది. ఇది అవమానమని అతడు తలంచినట్లు లేదు.

బిడ్డ వచ్చిన తరువాత మగవాని పని ముగిసినదని తలంచువారు ఎల్కానాను చదువవలెను. అతడు యేటేట షిలోహుకు బలి అర్పించుటకు పోవువాడు. సమూయేలు పుట్టిన తరువాతి యేడు హన్నా, బిడ్డ పాలు మానువరకు నేను రానని చెప్పెను. నీకు మంచిదని తోచినట్లు చేయుమని ఎల్కానా చెప్పి, ఆ యేడు ఇంటివారిని తీసికొని ఆమె లేకయే వెళ్లెను.